జానెడు గీత

ఈమధ్య బర్మాలోని మా పాత పేట అహ్లోన్‌లో ఎవరింటి మెట్లకో రాయి కోస్తుంటే, తడిసిన రాతిపొడి వాసన తగిలి దారిలోనే నిలబడిపోయాను. వానాకాలంలో మా రేకుల షెడ్డులో ఆ వాసనకు నది బురదా, అమ్మ కాచే ఎండుచేపల పులుసూ తోడయ్యేవి. సమాధి రాళ్ల మీద నాన్న గీసేవాడు, చిన్నాన్న సూరయ్య చెక్కేవాడు. గీసినవాడి గీతను చెక్కేవాడు మార్చకూడదన్నది మా ఇంటి కట్టుబాటు.

నా పదకొండో ఏట, క్రిస్మస్‌కి ముందు, ఫాదరుగారు వెయ్యేళ్లనాటి ఐర్లండు రాతి సిలువ బొమ్మ తెచ్చి, సమాధుల తోటకి అలాంటిదే కావాలన్నారు. చేతుల చుట్టూ చక్రం, ఒంటినిండా మొదలూ చివరా లేని ఒకే తాడు, ఒక పేటమీదుగా వెళ్లి మరో పేట కిందనుంచి వస్తూ. నాన్న వారంపాటు రాతిమీద బొగ్గుతో గీశాడు. సిలువ లేచేదాకా సారా ముట్టనని చిన్నాన్న ఒట్టు పెట్టుకుంటే, పిన్ని రోజులు లెక్కపెట్టింది.

గీత పూర్తయిన మధ్యాహ్నం, నేను ఆడుకునే తడి పేముబంతి తగిలి జానెడు గీత చెరిగిపోయింది. నాన్న భోజనం ముగించేలోగా, అమ్మ గడపలో వేసే మెలికముగ్గులా గబగబా కలిపేశాను. ముగ్గులో గీతలు ఒకదాన్నొకటి దాటిపోతాయి, పైనా కిందా ఉండవు. అది నాకు తట్టలేదు.

మర్నాడు నాన్న ఇంకో రాయి దింపించడానికి సేక్కాన్ రేవుకి వెళ్లాడు. నేను కలిపిన చోటికి వచ్చి చిన్నాన్న ఉలి ఆగింది.

"ఒరే, ఈ కాడ ఎవుడైనా సెయ్యెట్టినాడేటి?"

తల అడ్డంగా ఊపాను. గీత ప్రకారమే చెక్కాడు.

నాన్న వచ్చి చూశాడు. ఆ జానెడు మేర పైనా కిందా లేక తాడు తెగిపోయి ఉంది. "మళ్లీ తాగినావు," అన్నాడు.

"నోరు వాసన సూడన్నా."

నాన్న మొహం తిప్పుకున్నాడు. చిన్నాన్న ఒక్కసారి నావైపు చూశాడు, నేను నా కాళ్లు చూసుకున్నాను. ఉలులు గోనెలో చుట్టుకుని వెళ్లిపోయాడు. రేవులో మూటలు మోశాడు, అప్పటినుంచి నిజంగానే తాగాడు, తాగే పోయాడు.

కిందటి నెల చౌక్తడాలో, ఆయన కూతురు పనిచేసే ఆఫీసు మెట్ల మీద, ఆమెకి ఇదంతా చెప్పాను. తెలుగు మాటలు వెతుక్కుంటూ, బర్మా అలవాటుకొద్దీ అన్నయ్యా అనడానికి కోకో అని పిలుస్తూ అంది:

"అయ్యకి తెలుసు, కోకో. నీకు దెబ్బలడతాయని సెప్పనేదు."

మెట్టు మీంచి లేస్తూ, "మా అమ్మ మాత్రం తాగినాడనే అనుకొని పోయింది," అంది.

ఇప్పుడా షెడ్డు లేదు, చేత్తో చెక్కేవాళ్లూ లేరు. సమాధుల తోటలో నాచుపట్టిన సిలువ మాత్రం, తెగిన తాడుతోనే ఉంది. తాగి చెక్కిన సిలువ అని ఇప్పటికీ అంటారు. కాదు. చిన్నాన్న తాగలేదు. ఆ జానెడు గీసింది నేను.