ఆట వదిలే గేటుకెదురుగా మహబూబ్ సాబ్

ముందే ఒప్పుకుంటున్నాను. నేను చెప్పే ప్రతి మాటా కొంచెం ఉబ్బి ఉంటుంది. మాది ఖిల్లా ఘణపూర్. మా కోట గుట్ట ఎక్కితే బంగాళాఖాతంలో పడవలు కనిపిస్తాయని పెళ్లిచూపుల్లోనే మా మామగారికి చెప్పినవాణ్ని. ఆయన నమ్మలేదు, అయినా పిల్లనిచ్చాడు. కళ్లార్పకుండా ఇంత మాట అనగలిగినవాడు ఎక్కడైనా బతికేస్తాడని లెక్క వేసుకుని ఉంటాడు. ఊళ్లో నన్ను బడాయి నర్సిములు అంటారు. కాబట్టి ఈ కింద రాసేదాన్ని మీరు కొంత తగ్గించుకుని చదవండి. ఎక్కడ తగ్గించాలో చివర నేనే చెబుతాను.

పోయిన ఆదివారం మా ఆవిడతో వనపర్తిలో మ్యాట్నీకి వెళ్లాను. ఆట అయిపోగానే పక్క తలుపులు బార్లా తెరిచారు. అంతసేపు చీకట్లో నానిన కళ్లల్లో ఎండ దోసెడు మిరప్పొడిలా పడింది. వెనక నుంచి పాప్‌కార్న్ వాసన, ముందు నుంచి వేడిగాలి, మధ్యలో జనం తోపులాట. నాకు తెలియకుండానే నా చెయ్యి మొహానికి అడ్డం పోయింది.

"ఏందయ్యా, కొత్త పెండ్లిపిల్ల లెక్క మొకం కప్పుకుంటున్నవ్?" అంది మా ఆవిడ.

"ఎండ" అన్నాను.

రోడ్డవతల ఒకప్పుడు సోడాబండి ఉండేది. ఇప్పుడక్కడ ఫోన్లకు కవర్లు అమ్మే కొట్టు వచ్చింది. దాని ముందు ఎవరూ నిలబడి లేరు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. అయినా చెయ్యి దించడానికి చాలాసేపు పట్టింది.

ఆ సోడాబండి పక్కన మహబూబ్ సాబ్ నిలబడేవాడు. బస్టాండు వెనక సందులో ఆయనకు ఫోటో స్టూడియో ఉండేది. డిగ్రీ తప్పి, పెళ్లి వీడియోలకు లైటు పట్టుకునే పనికి ఆయన దగ్గర చేరాను. మనిషి పొడుగు. ఆయన మీసం మీద రెండు పిచ్చుకలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకు పెళ్లిళ్లు కూడా చేసుకోవచ్చు. స్టూడియోలో వెనక తెర మీద మంచుకొండలు, చెరువు, చెరువులో మెడ వంచిన హంస. వనపర్తిలో సగం మంది ఆ హంస పక్కన నిలబడే సంబంధాలు కుదుర్చుకున్నారు. కొందరి విషయంలో హంసే బాగుందని అవతలివాళ్లు కబురు పంపిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఆయన ఫోటో తీసే పద్ధతి వేరు. వచ్చినవాణ్ని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తించి, భుజాలు సరిచేసి, "రెడీ" అనేవాడు. వాడు ఊపిరి బిగబట్టి కలెక్టరు మొహం పెట్టేవాడు. సాబ్ ఊరికే లైటు వెలిగించి, "అయిపోయింది, లే" అనేవాడు. వాడు హమ్మయ్య అని భుజాలు జార్చి లేవబోతుంటే అప్పుడు నొక్కేవాడు బటన్ను. ఫోటో చేతికొచ్చాక వాళ్లమ్మ "నా కొడుకు అచ్చం గిట్లనే ఉంటడు" అని కొంగుతో కళ్లు తుడుచుకునేది.

"ఇదేం మోసం సాబ్?" అని ఒకసారి అడిగాను.

"మోసం నేను జేస్తలేను బేటా, ఆయన జేస్తుండు. రెడీ అన్నప్పుడు పెట్టేది సొంత మొకం గాదు, యాడనో అడుక్కొచ్చుకున్నది. అయిపోయింది అంటె సొంతది బయటికొస్తది."

సినిమా సంగతీ ఆయనకు అంతే. కొత్త సినిమా వచ్చిన రోజు మొదటి ఆట వదిలే వేళకు షట్టరు సగం దించి, నన్ను వెంటబెట్టుకుని, టాకీసు గేటుకెదురుగా సోడాబండి పక్కన నిలబడేవాడు. ఎవర్నీ ఏమీ అడిగేవాడు కాదు. చీకట్లోంచి ఎండలోకి వచ్చిన మనిషికి తన మొహం సంగతి తనకే గుర్తుండదని, మళ్లీ సర్దుకునేలోపు చూసెయ్యాలని ఆయన లెక్క. గట్టిగా నవ్వుకుంటూ వచ్చేవాళ్లను లెక్కలోకి తీసుకునేవాడు కాదు. "వాడు టికెట్ పైసలు నవ్వి వసూలు జేసుకుంటుండు" అనేవాడు. ఎవరైనా బయటికొచ్చి, దిక్కులు చూసి, మోటారుసైకిలు ఎక్కడ పెట్టాడో మరిచిపోయి సైకిళ్ల మధ్య తిరుగుతుంటే ఆయన మీసం కదిలేది. మొగుడూ పెళ్లాం మాట్లాడుకోకుండా, ఒకరికోసం ఒకరు ఆగుతూ నడిచి వస్తే ఇక సినిమా బాగున్నట్టేనని వెనక్కి తిరిగేవాడు.

ఆయన తీర్పులు రెండే. "చూడొచ్చు." లేకపోతే, "ఇంటికి పోయి పండు."

ఆ రెండు మాటల కోసం ఊరంతా స్టూడియోకు వచ్చేది. గద్వాలలో చీరలు నేసే ఎల్లప్పకైతే ఆ తీర్పు లేకుండా అడుగు పడేది కాదు. ఓసారి ఆయన కూతురి పెళ్లికి మేమే వీడియో తీశాం. అప్పటినుంచి కొత్త సినిమా రాగానే కిరాణాకొట్టు ఫోన్లోంచి అరిచేవాడు. కృష్ణానది దాటి వనపర్తి దాకా ఫోను లేకుండానే వినిపించేది.

"సాబ్! మగ్గం గుంతల కెల్లి లేసిన్నంటె మల్ల చెయ్యి కుదరనీకె పూట పడ్తది. లెవ్వాల్నా, వద్దా?"

"లెవ్వకు ఎల్లప్పా. అంచు నేసుకో."

ఒక్కోసారి మాత్రం, "లెవ్వు. ఇంటామెను గూడ లేపు" అనేవాడు.

ఆయన లెక్క తప్పింది నేను చూసినంతలో ఒక్కసారే. ఆ రోజు మొదటి ఆట వదిలేసరికి జనమంతా ఏడుస్తూ వచ్చారు. పెబ్బేరు సంతలో ఎద్దుల బేరాలాడి, మనుషుల్ని ఏడిపించడమే తప్ప ఏడవడం తెలియని బేరగాళ్లు కూడా తువ్వాళ్లు పిండుకుంటూ వచ్చారు. మెట్ల మీద కన్నీళ్లు కాలవ కట్టాయి. సాబ్ నా వైపు తిరిగాడు. "చూడొచ్చు గాదు బేటా, చూడాలె" అన్నాడు. ఊరు ఊరంతా కదిలి వెళ్లింది. తీరా చూస్తే ఏముంది? టాకీసు పక్కన పిండిగిర్నీలో పొద్దున్నుంచి మిరపకాయలు పడుతున్నారు. ఘాటంతా కిటికీల్లోంచి లోపలికి పోయింది. సినిమాలో ఏడవడానికి ఏమీ లేదు, అది తీసిన తీరు తప్ప.

మర్నాడు స్టూడియో ముందు జాతర. "సాబ్, ఈసారి పసుపు పట్టే దినం జూసి చెప్పు!" అని ఒకడు, "కారం సిన్మాకు హంసను గూడ తోల్కపోవాల్సుండె" అని ఇంకొకడు. నేను పడీ పడీ నవ్వాను. సాబ్ నవ్వలేదు. ఆయన చూపంతా దర్జీ బాలయ్య తల్లి మీద ఉంది. మోకాళ్లు వంగని ముసలామె. సాబ్ మాట మీద కర్ర పట్టుకుని సినిమాకు పోయి వచ్చింది. ఇప్పుడు ఎదురుగా అరుగు మీద కూర్చుని కాళ్లు రుద్దుకుంటోంది. సాబ్ వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నొప్పి వెడ్తుంటె నడుమల లేసి రావొద్దా?"

"నువ్వు బాగుంటదన్నవ్ గద నాయనా. జరసేపైతె బాగైతదేమోనని కూసున్న."

ఆ మాటకు ఆయన మొహం చూసి నా నవ్వు ఆగిపోయింది. తిరిగొచ్చి షట్టరు పూర్తిగా దించాడు. డార్క్‌రూములో ఎర్రలైటు కింద ఇద్దరం కూర్చున్నాం. ఇన్నేళ్లుగా టాకీసు ముందు నిలబడుతున్న మనిషి ఒక్కసారి కూడా లోపలికి ఎందుకు వెళ్లడో ఆ రోజు చెప్పాడు.

"పెండ్లయి ఏడాది గాలె. ఖైరున్‌ను నేనే బలంతం జేసి తోల్కపోయిన. మొదటి దినం, మొదటి ఆట. బాగుందా అని ఎవర్నన్న అడిగిన్నా? అడగలె. ఇంటర్వెల్ల సోడా దాగింది. మొకం తెల్లగ వోయింది. పోదామా అన్న. 'సగం జూసి వోతె ఎట్ల? ముంగట బాగుంటదేమో' అన్నది. పొద్దుగాల కెల్లి కడుపుల నొప్పి ఉన్నదంట బేటా. నా ముచ్చట చెడగొట్టొద్దని చెప్పలె. లైట్లార్పిన జరసేపటికి నా మీద ఒరిగింది. దవాఖానకు ఎత్తుకోని ఉరికిన. లోపల పేగు పగిలింది, లేటయింది అన్నరు."

ఎర్రలైటులో ఆయన చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

"నాకు ఒక్కటే తెల్వాలె. ఆమె అంత నొప్పి ఓర్సుకోని కూసున్నది గద. దానికి ఆ సిన్మా తగినదా, కాదా?"

"ఎవర్నన్నా అడగకపోయినవా సాబ్?"

"అడిగిన. ఒకడు బాగుందన్నడు, ఒకడు లేదన్నడు. మాటలు. వారం దిరగకుండ సిన్మా ఎత్తేసిండ్రు. ఆట వదిలినప్పుడు గేటు కాడ నేను లేను గద, మొకాలు జూడనీకె."

ఆ తర్వాత నేనెన్నడూ ఆ సోడాబండి దగ్గర జోకులు వెయ్యలేదు. ఆయన నిలబడితే పక్కన నిలబడ్డాను, అంతే.

కాలం గడిచింది. ఆయన నేర్పిన పనితో తిమ్మాజిపేటలో సొంత కొట్టు పెట్టుకున్నాను. ఫోన్లలోకి కెమెరాలు వచ్చాక హంస దగ్గరికి ఎవరూ రాలేదు. సాబ్ తెర చుట్టేసి నాగర్‌కర్నూల్లో చెల్లెలు ఫాతిమా ఇంటికి చేరాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయని తెలిసి చూడటానికి వెళ్తే, మంచం మీద దుప్పటి మాత్రమే ఉందనుకున్నాను. కింద మనిషి ఉన్నాడు. మీసం పెదవి మీదికి వాలిపోయింది. పిచ్చుకలు ఎప్పుడో ఎగిరిపోయాయి.

ఆయనకు సంతోషం కలిగిద్దామని, ఖైరున్‌బీ సగమే చూసిన ఆ పాత సినిమాను ఫోన్లో వెతికి పట్టుకున్నాను. ఎవరో పుణ్యాత్ముడు మొత్తం పెట్టాడు.

"సాబ్, దొరికింది. లేచి కూసో, చూద్దాం."

ఆయన ఫోను వంక చూడలేదు. "ఆమె చూడలేంది నేనొక్కన్నే చూస్తనా? నువ్వు చూసి రా. నేను నీ మొకం జూస్త."

బస్టాండు దగ్గర హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని చూశాను. మొదటి సగం నిజంగా బాగుంది. ఇంటర్వెల్‌కు ముందు ఆ పిల్ల అలిగి ఊరి బస్సెక్కుతుంది, అతను బస్సు వెనక పరుగెత్తి ఆగిపోతాడు. ఎవరైనా సరే తర్వాతేమైందో చూసే లేస్తారు. ఖైరున్‌బీ ఎందుకు కూర్చుందో నాకర్థమైంది. రెండో సగంలో ఆ పిల్ల లేనే లేదు. పేరు కూడా ఎవరూ ఎత్తలేదు. అతను అడవిలో దొంగల్ని కొట్టాడు, ఇంకెవరితోనో పాటలు పాడాడు, చివర్లో ఒక పులితో కుస్తీ పట్టాడు. పులి వెనక కాళ్లకు చెప్పులున్నాయి. ఇది మాత్రం నేను పెంచి చెప్పడం లేదు. ఇంకో రోజైతే ఆ చెప్పుల మీద ఏడాదిపాటు జనాన్ని నవ్వించేవాణ్ని. ఆ రోజు చాయ్ మీద మీగడ కట్టేదాకా అట్లాగే కూర్చున్నాను. దీనికోసమా తల్లీ, అనుకున్నాను.

తిరిగి వెళ్లి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. పులిని తీసేశాను. ఆ పిల్లను బస్సులోంచి దించాను. అతను రోజూ ఆ బస్సు వేళకు వచ్చి రోడ్డు మీద నిలబడతాడన్నాను. వానల్లో నిలబడతాడు, ఎండల్లో నిలబడతాడు, తల నెరిసిపోతుంది. ఒక రోజు బస్సు ఆగుతుంది. ఆమె దిగి, "వచ్చి ఎంతసేపైంది?" అంటుంది. అతను "ఇప్పుడే" అంటాడు. అక్కడ తెర పడుతుంది. బియ్యం చెరుగుతున్న ఫాతిమమ్మ చేట ఆపేసింది.

"అయిపోయింది సాబ్" అన్నాను. ఊపిరి వదిలాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, "చూడొచ్చు" అన్నాడు.

ఆ నెల దాటలేదు. ఖైరున్‌బీ పక్కనే పెట్టారు. నేనూ దోసెడు మన్ను వేసి వచ్చాను.

ఇప్పుడు కొత్త సినిమా వస్తే ఫోన్లో దానికెన్ని రేటింగు చుక్కలు వచ్చాయో చూడమంటారు పిల్లలు. ఎవరో ఊరూ పేరూ లేనివాడు ఇచ్చిన చుక్కలు. నేను వినను. ఆట వదిలే వేళకు పోయి గేటు దగ్గర నిలబడతాను. ఈ మధ్య బయటికొచ్చేవాళ్లంతా తలలు వంచి ఫోన్లు చూసుకుంటూ వస్తున్నారు. మొహాలు దొరకడం లేదు.

మాటిచ్చాను కనుక చెబుతున్నాను. మా గుట్ట ఎక్కితే సముద్రం కనిపించదు, చెరువు కనిపిస్తుంది. మీసం మీద పిచ్చుకలకు చోటుండేది కానీ పెళ్లిళ్లకు సరిపోదు. మిరపఘాటు నిజం, కన్నీళ్లు కాలవ కట్టలేదు. ఇవన్నీ ఉన్నవాటిని ఉబ్బించడమే. లేనిదాన్ని పుట్టించింది ఒక్క మాట. ఆయన "చూడొచ్చు" అనలేదు. ఏమీ అనలేదు. గేటు వైపు చూసినట్టే నా మొహం చూశాడు, చెల్లెల్ని నీళ్లడిగి తాగాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అయిపోయింది అన్నాక ఏ మొహం బయటికొస్తుందో నాకు నేర్పింది ఆయనే. ఆ గడియలో నా మొహం మీద ఏముందో, నేను కల్పించిన బస్సో, చెప్పులేసుకున్న పులో, నాకు తెలియదు. చూసినవాడు చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆట వదిలి ఎండలోకి వచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. మా ఆవిడకు మాత్రం ఎండ అనే చెబుతాను.