ఈ ఏడు బెల్లం పెనం

గణపతిరావు మాస్టారు ఏ పాఠం మొదలుపెట్టినా చివరికి చెరకు రసం కాచే బెల్లం పెనంలోనే తేలేవారు. చోడవరం హైస్కూల్లో ఆయన సైన్సు మాస్టారు. ఉష్ణం అన్నా పెనమే, ఆమ్లాలన్నా పెనమే. సూక్ష్మజీవులంటే పెనం ఎక్కక పులిసిపోయిన రసం. గ్రహణాల పాఠం వచ్చినప్పుడు, ఈసారికి తప్పించుకున్నామని పిల్లలు సంబరపడ్డారు. ఆయన పెనాన్ని ఎత్తి సూర్యుడికి అడ్డం పెట్టారు.

హెడ్మిస్ట్రెస్ సంధ్యారాణి లెక్కలు చెబుతారు. ఏ సబ్జెక్టైనా దాని పీరియడ్లోనే ఉండాలని ఆవిడ పట్టుదల. ఈయనేమో సైన్సు పీరియడ్లో పెనం చుట్టుకొలత కట్టించి, అట్నుంచటే సోషల్లోకి దిగి, వడ్డాది సంతకు బెల్లం బళ్లు తోలేవారు.

"ఇదేటి మాస్టారూ? సిలబస్సా, బెల్లం వంటా?"

"సిలబస్సేనండి మేడమ్. ఇంకా పాకం రాలేదు."

కిందటేడు ఇలాగే కుట్టుమిషను. ఘర్షణ నుంచి బట్టల మిల్లుల చరిత్ర దాకా దానిమీదే కుట్టారు. అంతకు ముందేడు ఆటో ఇంజను. ఏడాదికో పిచ్చి అని ఆవిడ సరిపెట్టుకున్నారు.

చెరకు గానుగలాట ముగిశాక తొమ్మిదో తరగతి రోజా బడికొచ్చింది. ఏటా సీజనంతా అమ్మానాన్నలతో బుచ్చయ్యపేట దగ్గర బెల్లం వండే పాకలో ఉండిపోతుంది. తిన్నగా సంధ్యారాణి గదికే వెళ్లింది.

"బడి మానేస్తానండి. పాఠాలన్నీ దాటిపోనాయి. నాకేటీ తెల్దండి."

"ఇవాళొక్కరోజు కూర్చో. తర్వాత నీ ఇష్టం."

ఆవిడా వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. మాస్టారు బోర్డు మీద పెనం గీశారు.

"రసంలో సున్నం ఎందుకేస్తారు?"

"ఆమ్లాన్ని తటస్థం చెయ్యడానికండి!" అంది క్లాసు.

"ఎక్కువైతే?"

క్లాసంతా పుస్తకాలు తిరగేసింది. రోజా కూర్చున్నచోటునుంచే అంది: "బెల్లం నల్లబడిపోద్దండి. మా అయ్య తిట్టేత్తాడు."

"ఎందుకు నల్లబడిపోద్ది?"

"అది తెల్దండి."

"ఇవాళ పాఠం అదే. రాసుకో."

రోజా పక్కపిల్ల దగ్గర పెన్ను లాక్కుంది.

సంధ్యారాణికి గౌతమి గుర్తొచ్చింది. కిందటేడు బడి మానబోయిన పిల్ల. వాళ్లమ్మ బట్టలు కుడుతుంది. ఆ ముందేడు అజయ్. వాళ్ల నాన్నది ఆటో.

"ముందే చెప్పొచ్చు కదా మాస్టారూ?" అన్నారు బయటికొచ్చాక.

"ఏటి చెప్పమంటారండి? సిలబస్సే కదండీ."

జూన్లో బడి తెరిచారు. రోజా పదో తరగతిలో కూర్చుంది.

"ఈ ఏడు ఏటండి?" సంధ్యారాణి అడిగారు.

"ఇడ్లీ బండండి. ఎనిమిదో తరగతి కిషోర్ వాళ్లమ్మది. వాడు పొద్దున్న పీరియడ్లకు రావడం మానేశాడు."

"సైన్సులో ఇడ్లీలేటండీ!" అని విసుక్కుని, ఆవిడ ఎనిమిదో తరగతికి వెళ్లారు. బోర్డు మీద పెద్ద వృత్తం గీశారు. కాసేపు చూసి, దాని లోపల చిన్న వృత్తాలు పెట్టారు.

అప్పుడే వచ్చిన కిషోర్ గుమ్మంలో ఆగిపోయాడు.

"టీచర్! ఆ రేకులో ఇంకో ఇడ్లీ పడుద్దండి."

"లోపలికొచ్చి గీసి చూపించు," అన్నారు సంధ్యారాణి.