తప్పు ఈరన్న కాటాది కాదు

నిన్న పొద్దున ఎనిమిదింటికి ఫోన్. ఈరన్న ఇంక లేడు అన్నారు.

ఏ ఈరన్న అని అడిగాను. మా వైపు వీధికో ఈరన్న ఉంటాడు. ఇంకెవరో అయ్యుండాలని ఆ ఒక్క నిమిషం ఎంత కోరుకున్నానో నాకే సిగ్గుగా ఉంది.

ఆదోని మెకానిక్ ఈరన్నే.

షెడ్డు షట్టర్ ఎత్తి, అన్నం క్యారియర్ బల్ల మీద పెట్టి, గుండెల్లో మంటగా ఉందని కూర్చున్నాడంట. ఆటో వచ్చేలోపే అయిపోయింది. యాభై కూడా నిండలేదు.

ఎమ్మిగనూరు నుంచి బస్సులో వస్తున్నంతసేపూ నమ్మలేదు. సాయంత్రం మట్టి ఇచ్చి వచ్చాక కూడా నమ్మలేదు.

ఆయన్ని తెలియనివాళ్ళకు రెండు మాటలు.

తుక్కుకు పోవాల్సిన ఒక పాత చిన్న కారును తెచ్చి, మేమిద్దరం రెండేళ్ళు కష్టపడి రేస్ కారు చేశాం. కష్టం ఆయనది. పక్కన కూర్చుని సలహాలు ఇవ్వడం నాది. నేను డ్రైవర్ని కదా మరి.

సస్పెన్షన్, అంటే చక్రాల మీద బండి బరువు మోసే స్ప్రింగుల పని దగ్గర మాత్రం ఆయన ఎవరి మాటా వినేవాడు కాదు.

పెద్ద ఊళ్ళలో దానికి కంప్యూటర్ మెషిన్లు ఉంటాయంట. ఈరన్నకు పత్తి మార్కెట్ కాటాలు ఉన్నాయి. ఆదివారం యార్డుకు సెలవు కాబట్టి, తెలిసిన వ్యాపారులను బతిమాలి నాలుగు కాటాలు తెచ్చి, నాలుగు చక్రాల కిందా పెట్టేవాడు. ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో చూసి, ఆ మూల స్ప్రింగ్ నట్ ఒక చుట్టు బిగించడం, అర చుట్టు వదలడం. ఒక మూల ముట్టుకుంటే నాలుగు అంకెలూ మారిపోతాయి. మళ్ళీ మొదటికి. పొద్దున మొదలుపెడితే అన్నం కూడా గుర్తుండేది కాదు.

డ్రైవర్ సీట్లో ఉంటేనే ఆ లెక్క సరిపోతుంది. నా జెరాక్స్ షాపు వదిలి నేను ప్రతి వారం రాలేను. అందుకని నా బరువుకు సరిగ్గా పత్తి గింజల మూట కట్టి, దాన్ని సీట్లో కూర్చోబెట్టి బెల్ట్ పెట్టేవాడు.

బరువెంత అంటే అరవై ఎనిమిది అన్నాను. నమ్మకుండా నన్నే కాటా ఎక్కించాడు.

"డెబ్బై నాలుగు! ఆరు కిలోలు యాడ దాపెట్టినావప్పా?"

కాటాలు మోసుకొచ్చి అక్కడ టీ తాగుతున్న హమాలీలంతా ఒకటే నవ్వు. మూట మీద పెద్ద అక్షరాలతో "లోకేశు" అని రాశాడు.

ఇంకో అలవాటు ఉండేది. సెట్ చేసిన ప్రతి నట్ మీదా వాళ్ళావిడ, మా వదిన, ఎర్ర నెయిల్ పాలిష్ తెచ్చి గీత గీసేవాడు. సగం గీత నట్ మీద, సగం ఆ నట్ తిరిగే గొట్టం మీద. నట్ కదిలితే గీత విడిపోతుంది.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్తాను.

పోయిన ఎండాకాలం బళ్ళారి వైపు మట్టి ట్రాక్‌లో మా మొదటి పోటీ. ప్రాక్టీసులో బండి మలుపు తిరగడానికి బద్ధకిస్తోందని నాకు అనిపించింది. ఈరన్న టీకి వెళ్ళినప్పుడు, ఎవరో చెప్పిన మాట విని, వెనక కుడి పక్క నట్ ఒకటిన్నర చుట్టు బిగించాను. ఆయనకు చెప్పలేదు.

రెండో ఎడమ మలుపులోనే వెనక భాగం జారి, బండి గిర్రున తిరిగి మట్టి గట్టును గుద్దింది. నాకు దెబ్బ తగల్లేదు. ముందు భాగం మాత్రం నుజ్జు.

అందరి ముందూ ఆయన అన్న మాట: "వానిదేం లేదప్పా. నేనే కొలత తప్పినా."

నేను నోరు తెరవలేదు.

ఆ రోజు నుంచి ఆయనకు "కాటా మెకానిక్" అని పేరు పడింది. బండి చేయించుకుంటామన్న ఇద్దరు వేరే షెడ్డుకు పోయారు. మా రేసుల వాట్సాప్ గ్రూపులో జోకులు వేశారు. ఒకదానికి నేనూ నవ్వు బొమ్మ పెట్టాను.

తర్వాత మొహం చెల్లక షెడ్డుకు వెళ్ళడం మానేశాను. ఆయనే ఫోన్ చేసేవాడు. పోయిన ఆదివారం కూడా చేశాడు.

"బండి రెడీగా ఉండాది లోకేశా. ఎప్పుడొస్తావు?"

"వచ్చే ఆదివారం వస్తా అన్నా" అని చెప్పాను.

ఈరోజు పొద్దున వదిన క్యారియర్ తెమ్మని తాళం ఇచ్చింది. ఇస్తూ అంది: "నీ మూట ఎలుకలు కొరికినాయని మొన్ననే కొత్త గింజలు పోసి కట్టినాడు. మల్లా కాటా పెట్టి సూసుకున్యాడు, డెబ్బై నాలుగు ఉండాల్ల అని."

షెడ్డులో బల్ల మీద క్యారియర్ మూత కూడా తీసి లేదు. కారు సీట్లో నా పేరున్న మూట, బెల్ట్ పెట్టుకుని కూర్చుని ఉంది.

ఆయన రోజూ పడుకుని పనిచేసే గోనెపట్టా మీద పడుకుని, కారు కిందికి జరిగాను. ఎందుకో తెలియదు. ఆయన ఉన్నచోట కాసేపు ఉండాలనిపించింది.

వెనక కుడి పక్క నట్ చూశాను.

ఆ రోజు తిప్పాక నేను మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. కానీ అది మళ్ళీ పాత చోటికి వచ్చి ఉంది. పాత ఎర్ర గీత రెండు సగాలూ సరిగ్గా కలిసి ఉన్నాయి.

ఆయనకు తెలుసు. గీత విడిపోయి ఉండటం చూశాడు. ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఇన్ని నెలలు ఆ పేరు మోశాడు.

గట్టిగా ఏడ్చాను. షెడ్డులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

కాటా మెకానిక్ అని నవ్విన వాళ్ళందరూ వినండి. ఈరన్న కొలత ఒక్క కిలో కూడా తప్పలేదు. తిప్పింది నేను. ఆయన ఎదురుగా నిలబడి చెప్పాల్సిన మాట, ఆయన్ని మట్టిలో పెట్టి వచ్చాక ఫోన్‌లో టైపు చేస్తున్నాను.

అన్నా, ఈ ఆదివారం వస్తాను. మూట దించి నేను కూర్చుంటాను. ఆ నట్ మాత్రం ఇంక ఎవరినీ ముట్టుకోనివ్వను.

పోయిరా ఈరన్నా. నీ ఆత్మ నెమ్మదిగా ఉండాలి.