ఎడ్ల గుంజకు కట్టేసిన రాట్‌వీలర్

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందుల రాక్షసజాతి ఉన్నది, నెత్తురున్నది, రాజ్యం పోగొట్టుకున్న రాజున్నడు, ఆకాశంల గర్జనలున్నయి. చదువుతుంటె మీకు ఒళ్లు జలదరిస్తది.

అబద్ధం. నెత్తురు అంటె ఒకాయన మోచేతి మీద తోలు లేచినంత. రాజు మా బాపు. రాక్షసజాతి అంటె మా అన్న తెచ్చి మా ఇంట్ల ఇడిచిపెట్టిన రాట్‌వీలర్ కుక్క. గర్జనలు మాత్రం నిజమే. మాది శంషాబాద్, ఎయిర్‌పోర్టు పక్కకే. విమానం దిగేటప్పుడు మా ఇంట్ల ఎవరేం మాట్లాడినా ఎవరికీ ఇనరాదు. మా ఇల్లు ఇంకా కలిసున్నదంటె దానికి కారణం అదే అనుకుంట.

పేర్లు రాస్తలేను. మనుషుల పేర్లు రాస్తె ఇంటికొస్తరు. కుక్క పేరు రాస్తె అంతకంటె పెద్ద లొల్లి, ఎందుకో చెప్త.

అన్న అంటె మా పెద్దబాపు కొడుకు. ప్లాట్లు అమ్మిపిస్తడు. మా దిక్కు భూములమ్మినోళ్లు ఒక వరుస ప్రకారం పోతరు: మొదలు ఇల్లు, తర్వాత పెద్ద కారు, తర్వాత మెడల లావు గొలుసు. ఇగ ఆ తర్వాత ఏం కొనాల్నో తెల్వక కుక్క. అన్న వరుస తప్పలేదు. షాద్‌నగర్ దిక్కు ఎవరో ఫామ్‌హౌస్ ఖాళీ చేస్తున్నరంటె పోయి దీన్ని కార్ల ఎక్కించుకొచ్చిండు. ఆయనకు కావలి కుక్క అక్కెర లేదు. ఆయన కొంప దోచుకుందామనుకునే దొంగకు ముందుగాల్ల ఆయన చెప్పే ప్లాటు ముచ్చట్లు ఇనే ఓపిక ఉండాలె. అన్నకు కుక్క కావల్సింది పుట్టినరోజు ఫ్లెక్సీకి.

ఫ్లెక్సీ నేను చూసిన. అన్న ఒక చేత్తోటి నమస్కారం పెడ్తున్నడు, ఇంకో చేతిల కుక్క పట్టా. ఇద్దరికీ నల్ల కళ్లద్దాలు. కుక్క మెడకు ముండ్ల పట్టా, అన్న మెడకు గొలుసు. కింద శుభాకాంక్షలు చెప్పే తమ్ముళ్ల మొఖాలు గోళీలంత గోళీలంత. అందుల నాది కూడా ఉన్నది, కుక్క వెనక కాలు పక్కన. లొల్లి ఎక్కడొచ్చిందంటె, మా వార్డు లీడర్ పేరు కంటె కుక్క పేరు పెద్దక్షరాలల పడ్డది. ఆయన అన్నకు ఫోన్ చేసి, "ఏందే, నాకంటె అది సీనియరా?" అని అడిగిండట. అందుకే కుక్క పేరు రాస్తలేను.

గాలికి ఫ్లెక్సీ చినిగిపోయింది. కుక్క చినిగిపోలె. దానికి రోజూ తిండి కావాలె, తిప్పాలె, పెంట తీసెయ్యాలె. మా వదిన ఒక్కటే మాట అన్నది: "అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె." అన్న కొద్దిసేపు ఆలోచించిండట. ఎంతసేపో అడగొద్దు, కాపురం పాడైతది. ఆ సాయంత్రమే కుక్కను తెచ్చి మా వాకిట్ల దించిండు.

"రెండు దినాలు ఉంచుకో కాకా," అన్నడు మా బాపుతోటి.

ఇగ బాపు సంగతి. మా పొలం వెంచరయింది, వెంచర్ కాలనీ అయింది. ఆ కాలనీ నడుమ మా పాత ఇల్లు, వాకిలి మిగిలినయి. పొలంతో పాటు ఎడ్లు పోయినయి. వాకిట్ల, కొట్టం ముందు ఎడ్లను కట్టేసే గుంజ మాత్రం అట్లనే ఉన్నది. బాపు రోజూ పొద్దుగాల దాని పక్కనే కూసొని చాయ తాగుతడు. ఇక్కడ మీరు కండ్లు తుడుచుకోవద్దు. గుంజ పీకకపోవుడుకు కారణం ప్రేమ కాదు, దాన్ని సిమెంటుల పాతిండు.

బాపు కుక్క చుట్టూ ఒకసారి తిరిగిండు, ఎడ్ల అంగట్ల తిరిగినట్టు. ఛాతి చూసిండు, కాళ్లు చూసిండు, నడుం మీద చెయ్యేసి ఒత్తిండు. తర్వాత వంగి రెండు చేతులతోటి దాని పెదవి లేపి పండ్లు చూసిండు. ఎద్దు వయసు అట్లనే తెలుస్తది గద. అన్న ఉరికి కార్లకెక్కి అద్దం పైకి లేపుకున్నడు. అంత పెద్ద కుక్క నోరు తెరుచుకొని, ఇదేం మనిషిరా నాయనా అన్నట్టు చూసుకుంట నిలబడ్డది.

"పండ్లు నిండినయ్," అన్నడు బాపు. "పనికొస్తది."

ఏం పనికో అడిగితె చెప్పలె.

తెల్లారి నుంచి ఆ కుక్క ఎద్దయింది. ఎడ్ల పగ్గంతోటి గుంజకు కట్టిండు. అటక మీది గజ్జెల పట్టా తీసి మెడకేసిండు. చప్పట్లు కొట్టి పిలిచి సంకటి అసొంటి జొన్న గట్క పెట్టిండు. ఫామ్‌హౌస్ల చికెన్ తిన్న జంతువు ఆ గట్క దిక్కు ఒక పూటంత చూసి, ఇగ గతి లేదని తిన్నది. వరిగడ్డితోటి వీపు రుద్దిండు. ఎడ్ల పండుగ నాడు పసుపు కుంకుమ పెట్టి, కొమ్ములు లేవు గద అని కొద్దిసేపు పరేషాన్ అయి, చెవులకు రంగేసిండు. పొద్దుగాల సర్వీస్ రోడ్డు మీద తిప్పేటప్పుడు ఎప్పుడూ తన ఎడమ పక్కనే నడిపిస్తడు. "అది దాపటెద్దు జాగ," అంటడు. రెండు దినాలు ఎప్పుడో అయిపోయినయి. అన్న ఫోన్ ఎత్తుడు మానేసిండు.

కాలనీల మాత్రం గత్తర పుట్టింది. ఫోన్ గ్రూపుల రోజూ ఒక వీడియో: ఈ జాతి పట్టుకుంటె ఇడువదట, దవడ తాళం పడ్తదట, పెంచినోన్నే తింటదట. ఒకరు సర్కారు ఈ జాతిని బందు పెట్టిందన్నరు. ఇంకొకరు ఆ బందునే కోర్టు బందు పెట్టిందన్నరు. ఇద్దరూ చదివింది అదే గ్రూపుల. అవతలి దిక్కు కుక్కల ప్రేమికులు. అత్తాపూర్ల ఉండే నా దోస్తొకడు గంటసేపు చెవుల పోసిండు: "జాతిది తప్పు కాదురా. అంత పెంపకమే. అది చిన్నపిల్ల లెక్క."

"చిన్నపిల్లలు మేక కాలు బొక్కతో సహా నమలరురా," అన్న.

"నీకు ప్రేమ లేదు," అని ఫోన్ పెట్టేసిండు. వాని కాడ ఉన్నది చిలుక.

ఇప్పుడు నేను "అసలు ప్రమాదకరమైన జాతి మనిషి జాతే" అని అంటనని మీరు ఎదురుచూస్తున్నరు. అనను. మనిషి ఎంత చెడ్డోడైనా వాని దవడ అంత గట్టిది కాదు. కుక్కకు భయపడెటోళ్లను నేను తప్పు పట్టను. భయానికి తోక కట్టి రోజూ గ్రూపుల ఊరేగించేటోళ్లతోటే నాకు కడుపు నొప్పి. ప్రేమను ఊరేగించేటోళ్లతోటి కూడా అంతే.

అట్లుండంగ ఆ పొద్దు వచ్చింది.

కాలనీ సంఘానికి ప్రెసిడెంటు సారు ఒకాయన ఉన్నడు. కోస్తా దిక్కు నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్నడు, కరెంటు శాఖల పని చేసి రిటైరయిండు. పొద్దుగాల వాకింగ్ చేసేటప్పుడు రక్తం మంచిగ తిరగాలని రెండు చేతులు చప్పుడొచ్చేటట్టు చరుసుకుంట నడుస్తడు. ఆ రోజు మా గేటు ముందుకొచ్చి చప్పట్లు కొట్టిండు. మా ఇంట్ల చప్పట్లంటె గట్క. కుక్క గుంజ కాడి నుంచి లేచింది, పగ్గం పుటుక్కున తెగింది, గేటు దాటింది. రెండు కాళ్లు సారు ఛాతి మీద పెట్టింది. సారు కంకర మీద పడ్డడు.

నేను చాయ గ్లాసుతోటి అరుగు మీదనే ఉన్న, అంతా చూసిన. సారు దాడి అన్నడు. బాపు ఆట అన్నడు. రెండూ కాదు, అది బరువు. పండ్లు తాకలె. తాకుంటె ఏమయ్యేదో దాని మీద మాత్రం నేను జోకులెయ్యను. బాపు "హో... హో..." అన్నడు, నాగలి ఆపినట్టు. కుక్క ఆగింది. సారు మాత్రం ఆగలె. లేచి, మోచేయి పట్టుకొని, జాతిని మొత్తం పేరుపేరునా తిట్టుకుంట దవాఖానకు పోయిండు.

ఆదివారం మా వాకిట్ల పంచాయితీ. సారు చెయ్యి మెడకు కట్టుకొని కుర్చీల కూసున్నడు. వెనక కాలనీ సగం నిలబడ్డది. బాపు గుంజకు ఆనుకొని కూసున్నడు, పక్కన ముడేసిన పగ్గంతోటి కుక్క. అన్న కూడా వచ్చిండు. మందిని చూసేసరికి ఆయనకు ఫ్లెక్సీ గుర్తొచ్చింది.

"చూడండి, నేను జంతువులకు వ్యతిరేకిని కాదు. మా ఇంట్లో చేపలున్నాయి," అన్నడు సారు.

"చేపలు మీదికి దుంకయి గద సార్," అన్న నేను.

"మీరు కాసేపు ఊరుకోండి బాబూ."

లోపల్నుంచి మా అమ్మ కూడా అదే మాట అన్నది గని, ఇంత మర్యాదగ అనలె.

సారు మల్ల మొదలుపెట్టిండు. "ఈ జాతి ఇళ్ల మధ్య ఉంచదగినది కాదండి. రేపు ఇదే చిన్నపిల్లల మీద పడితే? మీరు దీన్ని పంపించేయండి. లేదంటే నేను పోలీసు కంప్లైంటు ఇవ్వక తప్పదు."

అన్న ఛాతి ముందుకు పెట్టిండు. "పాణమన్న ఇస్త గని కుక్కనియ్య!"

"ఎవరి కుక్కను అన్నా?" అని అడిగిన.

"మనదే తమ్మీ."

"రెండు దినాలు అయిపోయినయా మరి?"

అన్న నన్ను ఇననట్టే చేసి, పోలీసు అన్న మాట మాత్రం మంచిగ ఇన్నడు. గొంతు తగ్గించిండు. "గట్లయితె ఒక పని చేద్దాం కాకా. జల్‌పల్లి కాడ మనకు ప్లాటున్నది, చుట్టూ గోడ కట్టిన. దీన్ని తీస్కపోయి అండ్ల ఇడిచిపెడ్త. ఇగ ఎవడు కబ్జాకు రాడు."

"బువ్వ ఎవరు పెడ్తరు?" అన్నడు బాపు.

"వారానికోసారి పోతనే ఉంట గద."

బాపు కుక్క దిక్కు చూసిండు. మీదికెల్లి విమానం ఒకటి పోయింది, అది పోయిందాక అందరం ఎదురుచూసినం. తర్వాత మెల్లగ అన్నడు: "ఇది పోతె నేను పొద్దుగాల లేశి ఏం చెయ్యాలెరా?"

"అలారం బందు పెట్టి మల్ల పండుకో బాపు," అన్న నేను.

ఎవ్వరూ నవ్వలె. నా జోకులకు ఎవ్వరూ నవ్వకపోవుడు కొత్త కాదు. ఈసారి నాకు కూడా నవ్వు రాలె, అది కొత్త.

సారు ఒక్కసారి దగ్గిండు. "అసలు దీన్ని దేనితో కట్టారండి?"

బాపు మొఖం విచ్చుకున్నది. పగ్గం ఇప్పి, కుక్క మెడపట్టా చేతుల పట్టుకొని, పగ్గాన్ని సారు ఒళ్లె పెట్టిండు. "మంచి పగ్గం సార్. నా రెండెడ్లను ఆపింది. ఒక్కసారన్న తెగలె."

సారు బాగున్న చేత్తోటి కండ్లద్దాలు సర్దుకొని చూసిండు. ముడి మీద ముడి, ముడి మీద ముడి. ముడికీ ముడికీ నడుమ నమిలిన నూలు పోగులు.

"ఇది నూలు తాడు."

"అవ్ సార్."

"ఎద్దు తాడు కొరుకుతుందా?"

"ఎద్దెందుకు కొరుకుతది సార్?"

"మరి కుక్క?"

బాపు పగ్గం దిక్కు చూసిండు, కుక్క దిక్కు చూసిండు. కుక్క కూడా పగ్గం దిక్కే చూస్తున్నది, ఆకలైనట్టు. ఇన్నాళ్లు బాపు తెగిన కాడల్లా ముడేసిండు గని, ఎందుకు తెగుతున్నదని అడుగలె. ఎడ్లు ఎన్నడూ ఆ ప్రశ్న పుట్టనియ్యలె.

"గొలుసు కట్టలేదేమండి?" అన్నడు సారు.

"గొలుసు మెడ కోస్తది సార్. ఎద్దుకు ఎవడన్న గొలుసు..." అని సగంల ఆపిండు.

దీని కోసమని కళ్లద్దాలు కొన్నరు. ముండ్ల పట్టా కొన్నరు. ఫ్లెక్సీ కొట్టిచ్చిన్రు. కాలనీవోళ్లు దీని దవడ మీద ఇంత చదువు చదివిన్రు. గొలుసు మాత్రం ఎవ్వరికీ యాదికి రాలె, నాతో సహా. ఆ పూట మా వాకిట్ల ఉన్న గొలుసు ఒక్కటే. అది అన్న మెడల ఉన్నది. అందరం అటే చూసినం. అన్న అంగీ పై గుండీ పెట్టుకున్నడు.

ఇగ సారుకు నిజంగ కోపమొచ్చింది. అప్పటిదాక జాతి మీద ఉన్న కోపమంత వచ్చి పగ్గం మీద పడ్డది. "ఇది ప్రమాదకరమైన కుక్కే. ఆ మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు. కరెంటూ ప్రమాదకరమే, జన్మంతా దాంతోనే పని చేశాను. ప్రమాదమని తెలిసినదాన్ని నూలు తాడుతో కడతారా ఎవరైనా? గొలుసు వేయండి, గోడకు కొక్కెం దిగగొట్టండి, బయటికి తెస్తే మూతికి ఏదైనా కట్టండి. ఇవన్నీ చేస్తే ఉంచుకోండి. చేయకపోతే నేనే దగ్గరుండి పంపిస్తాను."

"మూతికి చిక్కం కడ్త సార్," అన్నడు బాపు సంబురంగ. చేన్ల పడి మెయ్యకుంట ఎడ్ల మూతికి కట్టే జాలీ అది. "అటక మీద ఉన్నది."

"దేనితో అల్లినది?"

బాపు అటక దిక్కు చూసిండు.

"నూలేనా?"

బాపు చెప్పులేసుకున్నడు. ఆయన ఒక్కడే పోతె మల్ల పగ్గమే తెస్తడని సారుకు నమ్మకం చిక్కలె. అందుకే తను కూడా లేచిండు. బాపు మోపెడ్ నడిపిండు, వెనక సారు కూసున్నడు, ఒక చెయ్యి మెడకు కట్టుకొని, ఇంకో చేతిల ఆ పగ్గం పట్టుకొని. కుక్కను కొట్టంల పెట్టి తలుపేసి, యుద్ధం ఎట్ల ముగుస్తదో చూద్దామని నేను బండి మీద వెనకనే పోయిన.

శంషాబాద్ బస్టాండు దిక్కు హార్డ్‌వేర్ దుకాణంల బాపు గొలుసు చుట్టను చేతుల పట్టుకొని లాగి చూసిండు. కొరికి కూడా చూద్దునా అన్నట్టు ఒకసారి సారు దిక్కు చూసిండు. సారు వద్దన్నట్టు తల ఊపిండు.

"గజం ఎట్లిస్తవ్?" అని అడిగిండు బాపు, పగ్గం కొన్నట్టే.

దుకాణమాయన తల కూడా ఎత్తలె, చుట్టను తీసి తక్కెట్ల పెట్టిండు. కుక్క గొలుసు గజాల లెక్కన అమ్మరు, కిలోల లెక్కన అమ్ముతరు.