మింగలేక కక్కలేక పదకొండు రోజులు

మా అమ్మమ్మ ఇరవై రెండేళ్ళుగా ఒక పరిశోధనశాలలో సముద్రపు నీటి తొట్టెలు కడుగుతోంది. సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడి, "కాళ్ళు పట్టవే" అంటుంది. పట్టబోతే, "మెల్లిగా. అవేమన్నా తడిబట్టలా, పిండటానికి?" అంటుంది.

ఆ తొట్టెల్లో ఉండేవి ఎనిమోన్లు. చూడ్డానికి పువ్వులు, నిజానికి నోరున్న జంతువులు. వాటి కణాల్లో గోధుమరంగు నాచు కాపురముంటుంది. వెలుతురులో పంచదార వండి, అద్దె కింద ఇస్తుంది. కణమంటే ఏమిటో అమ్మమ్మకు అక్కడ పరిశోధన చేసే మేడం చెప్పింది, నాకు అమ్మమ్మ చెప్పింది. నేను ఎనిమిదో తరగతిలోనే బడికో దణ్ణం పెట్టినదాన్ని, దారిలో ఎంత ఒలికిపోయిందో నన్నడక్కండి.

"నాచు దొరగ్గానే కణం మింగేస్తుందే. పరాయిదైతే కాసేపటికి కక్కేస్తుంది. తనకు సరిపడేదైతే అరిగించుకోదు, కక్కదు. పల్చటి సంచిలో చుట్టి లోపలే ఉంచుకుంటుంది."

"మింగలేక కక్కలేక అన్నమాట. తాతయ్యతో నీలాగ."

"నోరు ముయ్యి," అంది. కానీ నవ్వింది.

ఈసారి పని ఏడో తొట్టెలో. ఎనిమోన్లను రెండు నెలలు చీకట్లో, చన్నీళ్ళలో ఉంచి నాచంతా పోగొట్టారు. అవి సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. పంచదార వండిపెట్టేవాళ్ళు లేరు కాబట్టి అమ్మమ్మే ఒక్కొక్క నోటికీ సన్నగొట్టంతో రొయ్యపిల్లల్ని అందించింది. ఇక కొత్త నాచు పోస్తే, ఏ గంటకు ఎంత లోపలికి చేరిందో మేడం రాసుకుంటుంది. అది ముగిశాక అమ్మమ్మ పని మానేసి, పరిశోధనశాల తాళాలిచ్చేసి ఇంట్లో కూర్చోవచ్చు.

నాచు పోసిన రోజు అమ్మమ్మ కాళ్ళు పట్టమనలేదు. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

"సరిపడే నాచు, పరాయి నాచు, రెండు సీసాలూ ఒకే అరలో ఉంటాయే. కళ్ళు మూతలు పడుతుంటే పొద్దున పరాయి నాచు పోసేశాను. మధ్యాహ్నం చూసుకుని, తొట్టె కడిగి అసలుది పోశాను."

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"మరింకేం? ఈపాటికి కక్కేసి ఉంటాయి."

"అవి కక్కుతాయిలే. మేడం పొద్దుటి నుంచి లెక్కేసి రాసుకున్న గంటలే తప్పు."

పదకొండో రోజుకు ఎనిమోన్లు గోధుమరంగుకు తిరిగాయి. నేను క్యారేజీ తీసుకెళ్ళేసరికి మేడం మొహం వెలిగిపోతోంది. "ఇక తాళాలిచ్చేసి హాయిగా పడుకోండమ్మా," అంది.

అమ్మమ్మ గుత్తి పట్టుకుని అలాగే నిలబడింది. మాట్లాడొద్దని వెనకనుంచి చెయ్యి గిల్లాను. లాభం లేకపోయింది. సీసాల సంగతంతా చెప్పేసింది.

మేడం గంటలు రాసుకున్న పుస్తకం మూసేసింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"మింగలేక, కక్కలేక ఉన్నానమ్మా."

నవ్వు ఆపుకోవడానికి నేను గోడకేసి తిరిగాను. మేడం మాత్రం నవ్వలేదు.

"ఇంకో తొట్టెతో మళ్ళీ మొదలుపెట్టాలి. రెండు నెలలు. మీరు వెళ్ళండమ్మా, నేనెవరినైనా చూసుకుంటాను."

"ఎవరో వచ్చి, అన్ని నోళ్ళకు గొట్టం పెట్టడం నేర్చుకునేలోపు సగం చస్తాయి," అంటూ అమ్మమ్మ తాళాలు మళ్ళీ నడుముకు దోపుకుంది.

ఆ సాయంత్రం కాళ్ళు పట్టమంది. కావాలనే గట్టిగా పట్టాను. తిట్టలేదు. తలెత్తి చూస్తే, చెప్పులతోనే నిద్రపోయింది.