స్థలం చెప్పొద్దన్నారు

మండపేటలో వీరబ్రహ్మం గొంతు ఎరగనివాళ్ళు లేరు. మనిషిని గుర్తుపట్టేవాళ్ళు మాత్రం తక్కువ. బుల్లియ్య తొక్కే రిక్షాలో, రెండు మైకు హారన్ల మధ్య ముడుచుకుని కూర్చునేవాడు. అంత బక్కపలచటి ఒంట్లోంచి అంత గొంతు ఎలా వస్తుందో ఎవరికీ అర్థమయ్యేది కాదు. కొత్త సినిమా వచ్చినా, కంటి వైద్య శిబిరం పెట్టినా, చర్చి వాళ్ళు సువార్త సభలు జరిపినా, అన్నవరానికి స్పెషల్ బస్సు వేసినా ఊరికి ముందుగా చెప్పేది అతనే. "తరలి రండి" అని సాగదీసి అన్నాడంటే పొయ్యి మీద కూర వదిలేసి ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చేవారు.

ఆ మాటలు రాసిచ్చేది నేను. హైస్కూల్లో తెలుగు మాస్టర్ని. వీరబ్రహ్మం అయిదో తరగతితో చదువు మానేశాడు. చదవగలడు గాని కూర్చి రాయలేడు. పదిహేనేళ్ళ పాటు మా అరుగు మీద కూర్చుని కాగితాలు రాయించుకున్నాడు. "ప్రకటన అంటే మూడుండాలయ్యా. విషయం, సమయం, స్థలం. ఇందులో ఒక్కటి తగ్గినా అది ప్రకటన కాదు" అని పాఠం చెప్పినట్టు చెప్పేవాణ్ణి. అతను చేతులు కట్టుకుని "చిత్తం మాస్టారూ" అనేవాడు. ఆ వినయం నాకు బాగుండేది. దాచుకోవడం ఎందుకు, చాలా బాగుండేది.

1997 డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం ఫారెస్టు ఆఫీసరు సత్యప్రసాద్ గారు జీపు దిగి, వీరబ్రహ్మాన్ని వెతుక్కుంటూ మా అరుగు దగ్గరికే వచ్చారు. మన్యం వైపు నుంచి కాలువ గట్టు పట్టుకుని ఒక చిరుతపులి దిగి వచ్చిందట. మూసేసిన పాత రైసు మిల్లు వెనక, చెరకు తోటలో దూరిందట.

"మనం దాని జోలికి పోకపోతే అది అక్కడే పడుకుంటుందండి. చీకటి పడ్డాక వచ్చిన దారినే పోతుంది. కాలువ గట్టు వైపు మాత్రం ఖాళీగా వదిలెయ్యాలి. విశాఖ నుంచి మత్తు ఇంజెక్షను వేసే డాక్టరు గారు కూడా బయల్దేరారు. పిల్లల్ని, కుక్కల్ని ఇళ్ళల్లో ఉంచుకోమనండి. ఎవరికైనా ఎదురుపడితే పరిగెత్తొద్దు, వీపు చూపించొద్దు, రాయి వెయ్యొద్దు. దాన్నే చూస్తూ మెల్లగా వెనక్కి నడవాలి. ఇంకొక్క మాటండి, అది ఎక్కడుందో మైకులో చెప్పొద్దు. ఆ చుట్టుపక్కల ఇళ్ళకి మావాళ్ళు వెళ్ళి చెప్పొచ్చారు."

ఇంతకంటే విడమరచి ఎవరు చెబుతారు? ఆయన వెళ్ళాక నేను కాగితం అందుకుని అన్నీ వరసగా, నా ధోరణిలో, రెండు మూడు మంచి మాటలు కూడా వేసి రాశాను. చివర గీత గీసి, స్థలం, పాత రైసు మిల్లు వెనక చెరకు తోట అని రాశాను.

వీరబ్రహ్మం చదువుకుని తల గోక్కున్నాడు. "మాస్టారూ, స్థలం చెప్పొద్దన్నారు కదండి ఆఫీసరు గారు?"

"ఎక్కడికి వెళ్ళకూడదో చెప్పకుండా వెళ్ళొద్దంటే జనానికి ఏం అర్థమవుతుందయ్యా? ఆయనకి అడవి తెలుసు, నాకు భాష తెలుసు. రాసింది చదువు."

"చిత్తం మాస్టారూ" అన్నాడు. రిక్షా గుమ్మం ముందే ఉంది. బుల్లియ్య పెడలు మీద కాలేసి సిద్ధంగా ఉన్నాడు.

మైకు రెండు వీధులు తిరగకముందే ఊరు లేచింది. వెళ్ళొద్దని చెప్పిన చోటుకి వెళ్ళడంలో మన వాళ్ళకి ఉన్న హుషారు ఇంకెక్కడా చూడం. సైకిళ్ళు, ట్రాక్టర్లు, చంకలో పిల్లలతో తల్లులు. మిల్లు గోడ మీద మనుషులు, లారీల మీద మనుషులు, కొబ్బరి చెట్ల మీద మనుషులు. వేరుశెనక్కాయల బండి కూడా వచ్చింది. నేనూ వెళ్ళాను. పులిని చూడాలని నాకు మాత్రం ఉండదా? నాలుగో వరసలో నిలబడి మునివేళ్ళ మీద లేచి చూశాను. చెరకు ఆకు కదిలినప్పుడల్లా ఈలలు. దాన్ని బయటికి రప్పించాలని ఎవడో మిగిలిపోయిన దీపావళి బాంబులు విసిరాడు. ఫారెస్టు వాళ్ళు నలుగురే. మేము వేలమందిమి.

మూడు వైపులా నిండిపోయాక కుర్రకారు కాలువ గట్టు ఎక్కడం మొదలుపెట్టారు. అది చూసి వీరబ్రహ్మం, బుల్లియ్య రిక్షా తీసుకొచ్చి గట్టుకి అడ్డంగా పెట్టారు. "అయ్యా, దారి వదలండి, వెనక్కి వెళ్ళండి" అని వీరబ్రహ్మం మైకులో ఏడుపు గొంతుతో అరుస్తున్నాడు. ఆ గొంతు వినడానికి ఇంకో వందమంది అటు నడిచారు.

ఇంకో బాంబు పేలింది. పులి బయటికి వచ్చింది. దానికి తెలిసిన దారి ఆ గట్టొక్కటే. ఆ దారిలో మొదట ఉన్నవాడు బుల్లియ్య.

అతని భుజం పట్టుకుని అది ఎంతసేపు ఉందో నాకు తెలియదు. కర్రలు, గునపాలు, చెరకు కత్తులు లేచాయి. అంతా అయ్యాక జనం పక్కకి జరిగితే చూశాను. డొక్కలు లోపలికి పోయి, మా ఇంటి దూడకంటే చిన్నగా ఉంది. మధ్యాహ్నం మూడింటికి డాక్టరు గారు వచ్చి, తెచ్చిన పెట్టె తెరవకుండానే వెనక్కి పట్టుకెళ్ళారు.

ఆ సాయంత్రం సత్యప్రసాద్ గారు వీరబ్రహ్మాన్ని అందరి ముందూ నిలబెట్టి అడిగారు. "స్థలం చెప్పొద్దన్నానా లేదా? ఎవరు చెప్పమన్నారు నీకు?"

నేను అక్కడే ఉన్నాను. అతను నా వైపు చూడనైనా చూడలేదు.

"అలవాటులో నోరు జారిందండి" అన్నాడు.

నేను నోరు విప్పలేదు. ఆ ఒక్క క్షణం దాటిపోయాక ఏడేళ్ళు దాటిపోవడం ఏమంత కష్టం కాలేదు.

బుల్లియ్య కుడి చెయ్యి మళ్ళీ లేవలేదు. ప్రకటనలకి వీరబ్రహ్మాన్ని పిలవడం అందరూ మానేశారు. పులిని చంపించిన మైకు అని పేరు పడిపోయింది. హారన్లు, ఆంప్లిఫయరు అమ్మి బుల్లియ్యకి బస్టాండులో అరటిపళ్ళ బండి పెట్టించాడు. తను అక్కడే నిలబడి "రామచంద్రపురం, కాకినాడ" అని బస్సుల పేర్లు కేకేసేవాడు. మధ్యమధ్యలో వచ్చి పళ్ళు తూచి ఇచ్చేవాడు. నేను కనబడితే ఇద్దరూ "నమస్కారం మాస్టారూ" అనేవారు. నేను అవసరం లేకపోయినా అరటిపళ్ళు కొనేవాణ్ణి. మా ఇంట్లో తినేవాళ్ళు లేక మాగిపోయేవి.

2004లో మళ్ళీ కాలువ గట్టు మీద అడుగుజాడలు కనబడ్డాయి. ఈసారి అరటి తోటలో. సత్యప్రసాద్ గారే వచ్చారు, జుట్టు నెరిసింది. జీపుకి మైకు ఉంది, జనం వినే గొంతు లేదు. ఇష్టం లేకుండానే బస్టాండుకి వచ్చి వీరబ్రహ్మాన్ని పిలిచారు. "ఈసారైనా నోరు అదుపులో పెట్టుకో" అన్నారు. నేను బండి దగ్గరే ఉన్నాను. జేబులోంచి పెన్ను తీశాను, అలవాటు.

"ఈసారి మీరు రాయక్కర్లేదండి మాస్టారూ" అన్నాడు వీరబ్రహ్మం. మెల్లగానే అన్నాడు. పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

జీపు ఎక్కి అతను చెప్పింది ఒక్కటే. హైటెన్షను తీగ తెగి కాలువ గట్టు మీద పడింది, ఎవరూ అటు రావద్దు, పిల్లల్ని బయటికి వదలొద్దు అని. పులి మాట ఎత్తలేదు. ఆఫీసరు గారు కంగారు పడ్డారు. "అబద్ధం కదయ్యా!"

"పులంటే చూడ్డానికొస్తారండి. కరెంటంటే ఎవడూ రాడండి."

ఒక్కడూ రాలేదు. తెల్లారేసరికి జాడలు గట్టు మీదుగా మన్యం వైపు వెళ్ళిపోయి ఉన్నాయి. సంగతి తెలిశాక ఊరు వీరబ్రహ్మాన్నే తిట్టింది. పులిని చూసే అవకాశం పోయిందని కొందరు, రేపు నిజంగా తీగ తెగితే నిన్ను ఎవడు నమ్ముతాడని కొందరు. ఈ రెండో మాటలో న్యాయం ఉంది.

ఆ తిట్లు విన్నాక నాకు నిలవబుద్ధి కాలేదు. వీరబ్రహ్మం బస్సుల వైపు వెళ్ళినప్పుడు బుల్లియ్య దగ్గరికి వెళ్ళాను. "బుల్లియ్యా, ఆ రోజు స్థలం రాసింది నేనయ్యా. వీరబ్రహ్మం వద్దన్నాడు. నేనే చదవమన్నాను" అన్నాను.

బుల్లియ్య ఎడమ చేత్తో అరటి గెల మీద ఈగలు తోలుతున్నాడు.

"తెలుసండి. రిక్షా మీ గుమ్మంలోనే ఉంది కదండి, నేను వినలేదేంటి?"

"మరి ఏడేళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదయ్యా?"

"వీరబ్రహ్మం ఒట్టేయించుకున్నాడండి. మా ఇద్దరి పిల్లలూ మీ క్లాసులోనే ఉన్నారు కదండి అప్పుడు. మాస్టారి మీద గౌరవం పోతే ఇంక వాళ్ళు పాఠం ఏం వింటారన్నాడండి."