తలుపు దగ్గర పెట్టని బొట్టు

మా చిన్నప్పుడు... మా వదినను వీరపత్ని అని పిలిచి, బడి తలుపు దగ్గరే అవమానించారు.

డెబ్బై ఒకటి యుద్ధంలో సిపాయిగా ఉన్న మా అన్న చనిపోయాడు. మియాపూర్ పక్కన మా ఊరు. జనవరి జెండా పండుగకు వదినను ముందు కుర్చీలో కూర్చోబెడతామని బడివాళ్లు కబురు పంపారు. ఉన్నవాటిలో మంచి నేతచీర కట్టుకుని వచ్చింది...

తలుపు దగ్గర తెలుగు సారు భార్య కుంకుమ భరిణె పట్టుకుని నిలబడింది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ బొట్టు పెట్టింది. వదిన ముందుకు రాగానే ఆ వేలు ఆగిపోయింది. పన్నీరు మాత్రం చల్లి, లోపలికెళ్లమ్మా అంది.

లోపల సారు తాను రాసిన యుద్ధగీతం చదివాడు. "వీరపత్ని నుదుట రక్తమే తిలకం"... ఒకటే చప్పట్లు. వదిన కొంగును నుదుటి మీదికి లాక్కుంది.

మరుసటి వారం అదే చరణం మాకు పాఠం. రక్తమే తిలకం అంటే రూపకం, రక్తంలాంటి తిలకం అంటే ఉపమ అని బోర్డు మీద రాశాడు. నేను లేచి, మా వదినకు అసలు బొట్టే పెట్టలేదు కద సార్ అన్నాను.

"కవిత్వాన్ని కవిత్వంగా చూడాలిరా అబ్బాయ్. కూర్చో."

క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి ఏడుస్తుంటే వదిన పొయ్యి ఊదుతూ అన్నది: "ఊకో మరిదీ. తలుపు కాడ పెట్టనోళ్లు పద్యంల పెట్టిన్రు, గంతే."

ఎనిమిదితో నా చదువు ఆగింది. మూసాపేటలో లేత్ మిషన్ మీద పని చేస్తూ అలంకారాల పుస్తకాలు నాకు నేనే చదువుకున్నాను... రూపకం తప్పు కాదు. రెండింటినీ ఒకటే అనే హక్కు కవికి ఉంది. కానీ ఒక చేత్తో చెరిపేసి ఇంకో చేత్తో కాగితం మీద దిద్దడానికి ఏ పుస్తకంలోనూ పేరు దొరకలేదు. మా వాడలో దాన్ని దగా అంటారు.

ఆ బడికి పెంకులు పోయి స్లాబు పడింది. ఊరి దాకా బస్సు వచ్చింది. ఆ వేలు మాత్రం అక్కడే ఆగి ఉంది... ఈ జెండా పండుగకు మన కార్మికుల లైబ్రరీ కమిటీ అదే సారును పిలిచింది. అదే గీతం. వదినకూ పిలుపు పోయింది.

కమిటీ పెద్దలూ, అందుకే ఈ గోడపత్రికలో రాస్తున్నాను. తలుపు దగ్గర భరిణె పెడితే, అందరినీ అడిగినట్టే మా వదిననూ అడగండి. వద్దంటే అది ఆమె ఇష్టం. అడిగే ధైర్యం లేకపోతే ఆ చరణం చదవనివ్వకండి.

మీ ఇళ్లలోనూ ఇట్లా దాటేసిన నుదుళ్లు ఉంటే కింద రాయండి, అన్నలూ... శనివారం రెండో షిఫ్టు సైరన్ మోగేలోపు కమిటీ జవాబు ఇదే గోడ మీద ఉండాలి.